ఎన్.సి.సి. వాయు విభాగం: చేరే ముందు తెలుసుకోవలసిన విషయాలు



పదో తరగతి ఫలితాలు వచ్చాక చాలా ఇళ్లలో ఒకటే చర్చ జరుగుతుంది. ఎం.పి.సి.లో చేరాలా, బై.పి.సి.లో చేరాలా? ఆ సమయంలో ఎవరైనా "నాకు విమానం నడపాలని ఉంది" అంటే పెద్దలు నవ్వి ఊరుకుంటారు. అది బాగా డబ్బున్నవాళ్ల చదువని వారి అభిప్రాయం. పౌర విమానయాన శిక్షణకు లక్షల రూపాయలు ఖర్చవుతాయన్న మాట నిజమే. కానీ ఫీజు లేకుండా విమానాన్ని దగ్గరగా చూసి, దాని విజ్ఞానాన్ని నేర్చుకొని, అవకాశం దొరికితే శిక్షకుని పక్కన కూర్చుని గాలిలో ఎగిరి రాగల దారి కూడా మన దేశంలో ఉంది. అదే నేషనల్ క్యాడెట్ కోర్, అంటే ఎన్.సి.సి., వాయు విభాగం.

ఈ పాఠంలో మూడు విషయాలు తెలుసుకుందాం. మొదటిది, ఈ విభాగంలో ఎలా చేరాలి? రెండవది, అక్కడ నేర్పే విషయాలకూ మీ భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకానికీ ఉన్న సంబంధం ఏమిటి? మూడవది, ఏ వయసులో ఏ నిర్ణయం తీసుకోకపోతే ఏ దారి మూసుకుపోతుంది? ఈ మూడవ విషయాన్ని చాలామంది ఆలస్యంగా తెలుసుకుంటారు. కనుక దానిని శ్రద్ధగా చదవండి.

ఎన్.సి.సి. ఎలా ఏర్పడింది?

స్వాతంత్ర్యానికి ముందే మన విశ్వవిద్యాలయాలలో సైనిక శిక్షణ దళాలు ఉండేవి. 1946లో పండిట్ హృదయనాథ్ కుంజ్రూ అధ్యక్షతన ఏర్పడిన సంఘం, పాఠశాలల నుంచి కళాశాలల వరకు విస్తరించే ఒక జాతీయ సంస్థ ఉండాలని సూచించింది. దాని ఫలితంగా 1948లో ఎన్.సి.సి. చట్టం వచ్చింది. ఆ ఏడాది జూలై 15న సంస్థ పని మొదలుపెట్టింది. 1949లో బాలికల విభాగం, 1950 ఏప్రిల్ 1న వాయు విభాగం ఏర్పడ్డాయి. వాయు విభాగం మొదట బొంబాయి, కలకత్తా నగరాలలో ఒక్కొక్క స్క్వాడ్రన్‌తో ప్రారంభమైంది. 1952లో నౌకా విభాగం కూడా చేరింది. ఎన్.సి.సి. పతాకంలోని ఎరుపు, ముదురు నీలం, లేత నీలం రంగులు వరుసగా పదాతి, నౌకా, వాయు విభాగాలకు గుర్తులు.

1962 యుద్ధం తర్వాత, 1963లో కళాశాల విద్యార్థులకు ఎన్.సి.సి.ని తప్పనిసరి చేశారు. 1968లో మళ్లీ ఐచ్ఛికం చేశారు. అంటే ఈనాడు ఇందులో చేరడం పూర్తిగా మీ ఇష్టం.

యువతకు విమానయాన పరిచయం కల్పించాలన్న ఆలోచన మన దేశానికే పరిమితం కాదు. బ్రిటన్‌లో ఎయిర్ ట్రైనింగ్ కోర్ 1941లో ఏర్పడింది. పొరుగున ఉన్న బంగ్లాదేశ్‌లో 1979లో ఏర్పడిన నేషనల్ క్యాడెట్ కోర్‌కు కూడా వాయు విభాగం ఉంది.

చేరడం ఎలా?

ఎన్.సి.సి.లో రెండు స్థాయిలు ఉన్నాయి. పాఠశాల విద్యార్థులకు జూనియర్ స్థాయి. ఇందులో బాలురది జూనియర్ డివిజన్, బాలికలది జూనియర్ వింగ్. సాధారణంగా 8 లేదా 9వ తరగతిలో చేరతారు. కళాశాల విద్యార్థులకు సీనియర్ స్థాయి; సీనియర్ డివిజన్, సీనియర్ వింగ్ అని పేర్లు. జూనియర్ స్థాయి శిక్షణ రెండేళ్లు సాగుతుంది. సీనియర్ స్థాయిలో 'సి' సర్టిఫికెట్ దాకా వెళ్లడానికి మూడేళ్లు పడుతుంది.

మొట్టమొదట తెలుసుకోవలసింది మీ విద్యాసంస్థలో ఏ విభాగం ఉన్నదని. ఎన్.సి.సి. ఉన్న ప్రతి కళాశాలలోనూ వాయు విభాగం ఉండదు. ఎక్కువచోట్ల పదాతి విభాగమే ఉంటుంది. వాయు విభాగం స్క్వాడ్రన్లు విమానాశ్రయమో, వైమానిక దళ స్థావరమో దగ్గరగా ఉన్న నగరాలలో ఉంటాయి. అందుచేత కళాశాలను ఎంచుకునేటప్పుడే ఈ సంగతి వాకబు చేయండి. సీట్లు నిండిన తర్వాత తెలుసుకొని ప్రయోజనం లేదు. కళాశాలలో ఎన్.సి.సి. బాధ్యత చూసే అధ్యాపకుణ్ని అసోసియేట్ ఎన్.సి.సి. ఆఫీసర్ అంటారు. విద్యాసంవత్సరం మొదలైన వారంలోనే ఆయనను, లేదా ఆమెను కలవండి.

ఎంపికలో పరుగు, శారీరక దారుఢ్యం, ఆరోగ్యం చూస్తారు. చిన్న రాతపరీక్ష, మౌఖిక పరీక్ష కూడా ఉండవచ్చు. దరఖాస్తులో ఆరోగ్య వివరాలు ఉన్నవి ఉన్నట్లు రాయండి. ఆస్తమా, మూర్ఛ, వినికిడి లోపం వంటివి దాచిపెడితే ముప్పు మీకే. ఎండలో కవాతు చేసేటప్పుడో, గాలిలో ఉన్నప్పుడో అవి బయటపడితే పరిస్థితి చేయి దాటిపోతుంది.

ఏం నేర్పుతారు?

కవాతు, క్రమశిక్షణ, ఆయుధ శిక్షణ, ప్రథమ చికిత్స, సామాజిక సేవ అన్ని విభాగాలకూ ఉమ్మడి అంశాలు. వాయు విభాగం క్యాడెట్లకు వీటితోపాటు ఎగరడంలోని సూత్రాలు, విమానం భాగాలు, ఇంజను, దిశానిర్ణయం, వాతావరణశాస్త్రం, విమానాల నమూనాల తయారీ ఉంటాయి. ఈ జాబితా చూస్తే మీకు ఒక సంగతి అర్థమవుతుంది. ఇందులో సగం మీ భౌతికశాస్త్రమే. తరగతిలో సూత్రంగా చదివినది ఇక్కడ పనిముట్టుగా మారుతుంది. మూడు ఉదాహరణలు చూద్దాం.

గాలి విమానాన్ని ఎలా మోస్తుంది?

ఎగిరే విమానంపై నాలుగు బలాలు పనిచేస్తాయి. కిందికి భారం, పైకి ఉత్థాపక బలం, అంటే లిఫ్ట్. ముందుకు ప్రొపెల్లర్ ఇచ్చే అభిబలం, వెనక్కి గాలి నిరోధం. ఒకే ఎత్తులో, ఒకే వేగంతో, తిన్నగా పోతున్నప్పుడు ఈ బలాలు జంటలు జంటలుగా సమానమవుతాయి.

ఉత్థాపక బలం ఎక్కడిది? "రెక్క పైభాగం వంపుగా ఉంటుంది కనుక పైన పోయే గాలికి దూరం ఎక్కువ. కింద పోయే గాలిని అందుకోవడానికి అది వేగంగా పోతుంది" అని చాలామంది రాస్తారు. ఇది పొరపాటు. రెండు గాలిపాయలు ఒకే సమయానికి కలుసుకోవాలన్న నియమం ఏదీ లేదు. నిజానికి పై గాలి కింది గాలికన్నా ముందే రెక్క చివరికి చేరుతుంది. రెక్క గాలికి కొద్దిగా కోణంలో నిలిచి దానిని కిందికి మళ్లిస్తుంది. న్యూటన్ మూడో నియమం ప్రకారం గాలి రెక్కను పైకి నెడుతుంది. అదే సంగతిని పీడనం వైపునుంచి చూస్తే, రెక్క పైన పీడనం తక్కువ, కింద ఎక్కువ. వేగం ఎక్కువ ఉన్నచోట పీడనం తక్కువని బెర్నూలీ సూత్రం చెబుతుంది. రెండు వివరణలూ ఒకే బలాన్ని చెప్పే రెండు మార్గాలు.

ఈ పీడన భేదం ఎంత ఉండాలో లెక్కిద్దాం. ఇద్దరు మనుషులతో, ఇంధనంతో కలిపి 450 కిలోల చిన్న విమానం అనుకోండి. దాని భారం 450 × 9.8 = 4,410 న్యూటన్లు. రెక్కల వైశాల్యం 9 చదరపు మీటర్లు అనుకుంటే, చదరపు మీటరుకు 490 న్యూటన్ల పీడన భేదం చాలు. సముద్రమట్టం వద్ద వాతావరణ పీడనం చదరపు మీటరుకు సుమారు 1,01,300 న్యూటన్లు. అంటే వాతావరణ పీడనంలో అర శాతం కూడా లేని తేడా ఇద్దరు మనుషులను, ఒక యంత్రాన్ని గాలిలో నిలుపుతోంది!

ఆ కోణాన్ని పెంచుతూ పోతే ఉత్థాపక బలం పెరుగుతూ పోతుందా? కొంతవరకే. సుమారు 15 డిగ్రీలు దాటితే గాలి రెక్క పైభాగాన్ని అంటిపెట్టుకొని ప్రవహించలేదు; విడిపోయి సుడులు తిరుగుతుంది. ఉత్థాపక బలం ఒక్కసారిగా పడిపోతుంది. దీనినే స్టాల్ అంటారు. ఇక్కడ ఆగిపోయింది ఇంజను కాదు, రెక్క పని. అప్పుడు ముక్కును ఇంకా పైకి లాగకూడదు, కిందికి దించాలి. కిందికి పడుతున్నప్పుడు పైకి లాగాలనిపించడం మనిషి సహజగుణం. ఆ గుణాన్ని సూత్రంతో జయించడమే శిక్షణ.

ఎండాకాలంలో రన్‌వే ఎందుకు చాలదు?

ఉత్థాపక బలం గాలి సాంద్రతకు, వేగం వర్గానికి, రెక్క వైశాల్యానికి అనులోమానుపాతంలో ఉంటుంది. వీటిలో సాంద్రత మన చేతిలో లేదు. సముద్రమట్టం వద్ద 15 డిగ్రీల సెల్సియస్ ఉన్నప్పుడు ఘనపు మీటరు గాలి బరువు సుమారు 1.225 కిలోలు. మే నెలలో రెంటచింతలలోనో, రామగుండంలోనో ఎండ 45 డిగ్రీలకు చేరుతుంది. అదే పీడనం వద్ద ఆ వేడికి ఘనపు మీటరు గాలి సుమారు 1.11 కిలోలే. అంటే 9 శాతం తగ్గింది. అంతే ఉత్థాపక బలం కావాలంటే విమానం 5 శాతం ఎక్కువ వేగం అందుకోవాలి. పలచని గాలిలో ఇంజను శక్తి, ప్రొపెల్లర్ ఇచ్చే అభిబలం కూడా తగ్గుతాయి. అందువల్ల రన్‌వే మీద పరుగు పదిశాతానికి మించి పెరుగుతుంది. చిన్న విమానాల శిక్షణ ఎక్కువగా ఉదయపు చల్లని వేళల్లో జరగడానికి ఇది ఒక కారణం. మధ్యాహ్నం వేడెక్కిన నేల నుంచి లేచే గాలి విమానాన్ని కుదిపివేయడం మరో కారణం.

ఎత్తు చెప్పే పరికరం అబద్ధం చెబుతుందా?

విమానంలో ఎత్తును చూపే ఆల్టీమీటర్ నిజానికి కొలిచేది ఎత్తును కాదు, గాలి పీడనాన్ని. నేలకు దగ్గరలో సుమారు ప్రతి 8 మీటర్ల ఎత్తుకు పీడనం 1 హెక్టాపాస్కల్ తగ్గుతుంది. ఆ లెక్కతో అది పీడనాన్ని ఎత్తుగా మార్చి చూపిస్తుంది.

ఇప్పుడు ఇలా ఊహించండి. విశాఖపట్నంలో పీడనం 1,010 హెక్టాపాస్కల్స్ ఉన్నప్పుడు పైలట్ ఆల్టీమీటర్‌ను సరిచేసి బయలుదేరాడు. బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడి, అతను తిరిగి వచ్చేసరికి అక్కడ పీడనం 1,000కి పడిపోయింది. పరికరాన్ని మళ్లీ సరిచేయకపోతే, చక్రాలు నేలను తాకినప్పుడు కూడా అది 80 మీటర్ల ఎత్తు చూపుతూ ఉంటుంది. మేఘాల్లో, వానలో ఈ తేడా ప్రాణాంతకం. అందుకే దిగేముందు కంట్రోల్ టవర్‌ను ఆనాటి పీడనం అడిగి, చెప్పిన అంకెను పైకి చదివి వినిపించి, పరికరాన్ని సరిచేస్తారు. క్యాడెట్‌కు నేర్పే క్రమశిక్షణ అంటే బూట్లు మెరవడం ఒక్కటే కాదు. విన్న అంకెను తిరిగి చెప్పడం, జాబితా చూసి ఒక్కొక్క మీటను సరిచూడడం కూడా ఆ క్రమశిక్షణలో భాగమే.

చేసి చూడండి: ఒక చిన్న గ్లైడర్

వాయు విభాగంలో నమూనాల తయారీకి పెద్దపీట వేస్తారు. ప్రదర్శనకు పెట్టే నమూనాలు, తీగలు పట్టుకొని చుట్టూ తిప్పే నమూనాలు, రేడియోతో నడిపే నమూనాలు అని ఇవి పలురకాలు. మీరు చేరకముందే ఇంట్లో ఒక నమూనా చేయవచ్చు.

పలచని థర్మోకోల్ రేకు నుంచి 30 సెంటీమీటర్ల పొడవు, 6 సెంటీమీటర్ల వెడల్పుతో రెక్క కత్తిరించండి. 25 సెంటీమీటర్ల సన్నని వెదురుపుల్లను శరీరంగా తీసుకోండి. వెనుక చివర 10 × 4 సెంటీమీటర్ల తోకను అడ్డంగా, 4 × 4 సెంటీమీటర్ల ముక్కను నిలువుగా అంటించండి. రెక్కను పుల్ల ముందుభాగంలో అంటించి, ముక్కు దగ్గర కొద్దిగా మట్టిముద్ద పెట్టండి. రెక్క ముందు అంచు నుంచి 2 సెంటీమీటర్ల వెనుక రెండు వేళ్లపై నిలిపితే అది తూగాలి. అదే దాని గరిమనాభి. నెమ్మదిగా, నేలకు సమాంతరంగా వదలండి. మట్టి తగ్గిస్తే తోక బరువై ముక్కు పైకి లేస్తుంది, వేగం పోతుంది, స్టాల్ అయి పడిపోతుంది. మట్టి ఎక్కువైతే ముక్కు కిందికి దూకుతుంది. పెద్ద విమానంలో సామాను ఎక్కడ పెట్టాలో తూచి నిర్ణయించేది ఇందుకే.

నిజమైన విమానంలో ముక్కును పైకీ కిందికీ తిప్పేది తోకమీది ఎలివేటర్. విమానాన్ని పక్కకు వాల్చేవి రెక్కల అంచుల్లోని ఐలరాన్లు. ముక్కును కుడి ఎడమలకు తిప్పేది నిలువు తోకలోని రడ్డర్. మీ గ్లైడర్ తోక వెనుక చిన్న కాగితపు ముక్కలు అంటించి, పైకీ కిందికీ వంచి ఈ ప్రభావాలను మీరే పరీక్షించండి.

అందరికీ ఎగిరే అవకాశం వస్తుందా?

ఈ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పుకోవాలి. వాయు విభాగంలో మైక్రోలైట్ అనే తేలికపాటి రెండు సీట్ల విమానాలు వాడతారు. స్లోవేనియా దేశపు పిపిస్ట్రెల్ సంస్థ తయారుచేసిన వైరస్ ఎస్‌డబ్ల్యూ 80 వాటిలో ఒకటి. దాని ఇంజను శక్తి 80 అశ్వసామర్థ్యం. విమానాలు తక్కువ, క్యాడెట్లు ఎక్కువ. వాతావరణం, మరమ్మతులు, శిక్షకుల లభ్యత అన్నీ కలిసి రావాలి. కనుక ప్రతి క్యాడెట్‌కూ, కోరినన్ని సార్లు అవకాశం రాదు. కొన్ని స్క్వాడ్రన్లలో నేలమీదే ఎగిరే అనుభవం ఇచ్చే సిమ్యులేటర్లు ఉన్నాయి. హాజరు, ప్రవర్తన, విషయపరిజ్ఞానం బాగున్నవారు ముందువరుసలో ఉంటారు. మొదటి వారంలోనే ఎగరనివ్వలేదని మానుకున్నవారికి ఆ వరుస ఎప్పటికీ రాదు.

ఏటా జరిగే శిబిరాలు మరో పెద్ద అనుభవం. జట్లు పోటీపడే అఖిల భారత వాయుసైనిక్ శిబిరంలో మైక్రోలైట్ నడపడం, నమూనాల పోటీలు, ఎగిరే లక్ష్యాలను కాల్చే స్కీట్ షూటింగ్ ఉంటాయి. జనవరిలో ఢిల్లీలో జరిగే గణతంత్ర దినోత్సవ శిబిరానికి ఎంపిక కావడం ప్రతి క్యాడెట్ కల.

సర్టిఫికెట్లు, వైమానిక దళ ప్రవేశం

జూనియర్ స్థాయిలో 'ఎ' సర్టిఫికెట్, సీనియర్ స్థాయిలో 'బి', ఆ తర్వాత 'సి' సర్టిఫికెట్ పరీక్షలు ఉంటాయి. పరీక్ష రాయాలంటే 75 శాతం హాజరు, నిర్ణీత శిబిరాలు తప్పనిసరి.

వాయు విభాగంలో 'సి' సర్టిఫికెట్ సాధించిన పట్టభద్రులకు భారత వైమానిక దళంలోని ఫ్లయింగ్ శాఖకు ప్రత్యేక ప్రవేశమార్గం ఉంది. వీరు రాతపరీక్ష లేకుండా నేరుగా ఎయిర్‌ఫోర్స్ సెలక్షన్ బోర్డు ముందుకు వెళ్లవచ్చు. దీనిని ఉద్యోగ హామీగా పొరబడకండి. మీకు మినహాయింపు రాతపరీక్ష ఒక్కదానికే. మానసిక పరీక్షలు, బృంద పరీక్షలు, ఇంటర్వ్యూ, వైద్యపరీక్ష అందరితోపాటు ఎదుర్కోవలసిందే. వీటితోపాటు పైలట్ నైపుణ్యాన్ని కొలిచే కంప్యూటర్ పరీక్ష ఒకటి ఉంటుంది. అందులో ఒకసారి తప్పితే మళ్లీ అవకాశం ఉండదు. కనుక నిద్ర, ఆరోగ్యం, ఏకాగ్రత సరిగా ఉన్నప్పుడే దానికి వెళ్లండి.

ఇక మొదట చెప్పిన నిర్ణయం సంగతి. ఫ్లయింగ్ శాఖకు 10+2 స్థాయిలో గణితం, భౌతికశాస్త్రం చదివి ఉండాలి. బై.పి.సి.లో గణితం లేదు, సి.ఇ.సి.లో భౌతికశాస్త్రం లేదు. డిగ్రీలో ఎన్ని పతకాలు వచ్చినా, 'సి' సర్టిఫికెట్ చేతిలో ఉన్నా, పదిహేనేళ్ల వయసులో వదులుకున్న ఆ సబ్జెక్టు ఇరవై ఏళ్ల వయసులో అడ్డు నిలుస్తుంది. డిగ్రీలో మార్కుల కనీస శాతం, 20 నుంచి 24 ఏళ్ల వయోపరిమితి కూడా ఉన్నాయి. దరఖాస్తు చేసే ఏడాది వెలువడిన ప్రకటనలో నిబంధనలు స్వయంగా చదవండి.

విద్యార్థులు తరచు అడిగే ప్రశ్నలు

ఎన్.సి.సి.లో చేరితే సైన్యంలోకి వెళ్లవలసిందేనా? అవసరం లేదు. ఎన్.సి.సి. సభ్యత్వం వల్ల క్రియాశీలక సైనిక సేవ బాధ్యత ఏర్పడదని 1948 చట్టంలోనే ఉంది. మీ తల్లిదండ్రులకు ఈ మాట చెప్పండి. చాలామంది భయం ఇక్కడే తీరిపోతుంది.

ఆడపిల్లలు పైలట్లు కాగలరా? 2016 జూన్‌లో హైదరాబాదు దగ్గరి దుండిగల్ వైమానిక దళ అకాడమీలో అవని చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ మన దేశపు తొలి మహిళా ఫైటర్ పైలట్లుగా నియుక్తులయ్యారు. దారి తెరిచే ఉంది.

కళ్లద్దాలు ఉంటే క్యాడెట్‌గా చేరవచ్చా? క్యాడెట్‌గా చేరడానికీ, వైమానిక దళ పైలట్ కావడానికీ వైద్య ప్రమాణాలు వేరు. రెండవదానిలో చూపు, రంగులను గుర్తించే శక్తి, కాళ్ల పొడవు వంటివన్నీ కొలుస్తారు. కాళ్లు పెడల్స్‌ను అందుకోవాలి, మోకాళ్లు పరికరాల పలకకు తగలకూడదు. ఇందులో తప్పితే అది మీ తెలివికో, శ్రమకో వచ్చిన తక్కువ మార్కు కాదు.

పైలట్ కాలేకపోతే ఈ శ్రమ వృథానా? కానేకాదు. ఒక్క పైలట్ ఎగరడానికి నేలమీద ఎందరో పనిచేయాలి. విమాన ఇంజనీర్లు, వాతావరణ నిపుణులు, కంట్రోల్ టవర్ అధికారులు అందరూ ఆ ప్రపంచంలోని వారే. భౌతికశాస్త్రం, గణితంతో బి.ఎస్‌సి. చేసినవారు, ఇంజనీరింగ్ చదివినవారు ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ ఉద్యోగాలకు పోటీపడుతున్నారు.

చదువు దెబ్బతింటుందా? శిబిరాల సమయంలో కొన్ని తరగతులు పోతాయి. ఆ నోట్సు ముందే ఒక మిత్రునికి అప్పగించి, తిరిగి రాగానే పూర్తిచేసుకునే అలవాటు ఉన్నవారికి ఇబ్బంది ఉండదు. పరీక్షల ముందు శిబిరం పడితే అధ్యాపకునితో ముందుగానే మాట్లాడండి.

ముఖ్యాంశాలు

ఎన్.సి.సి. వాయు విభాగం 1950లో ప్రారంభమైంది. చేరడం ఐచ్ఛికం; సైనిక సేవ బాధ్యత లేదు. వాయు విభాగం ఉన్న విద్యాసంస్థను ముందే గుర్తించాలి. పైలట్ కావాలన్న కోరిక ఉంటే ఇంటర్మీడియట్‌లో గణితం, భౌతికశాస్త్రం వదలకూడదు. 75 శాతం హాజరు లేనిదే సర్టిఫికెట్ పరీక్ష లేదు. ఎగరడంలోని సూత్రాలు మీ పాఠ్యపుస్తకంలోనివే.

ఆలోచించండి

1. 600 కిలోల విమానానికి రెక్కల వైశాల్యం 12 చదరపు మీటర్లు. కావలసిన సగటు పీడన భేదం ఎంత? అది పాఠంలోని ఉదాహరణతో ఎందుకు సమానమైంది?

2. హైదరాబాదు సముద్రమట్టానికి సుమారు 530 మీటర్ల ఎత్తున ఉంది. ఒకే ఉష్ణోగ్రత వద్ద ఒకే విమానానికి విశాఖపట్నంలోకన్నా హైదరాబాదులో ఎక్కువ రన్‌వే ఎందుకు అవసరం?

3. 60 డిగ్రీలు వాలి ఒకే ఎత్తులో మలుపు తిరిగే విమానం రెక్కలు దాని భారానికి రెండింతలు మోయాలి. అప్పుడు స్టాల్ అయ్యే వేగం ఎన్ని రెట్లు అవుతుంది? ఉత్థాపక బలం వేగం వర్గంతో మారుతుందని గుర్తుంచుకోండి. నేలకు దగ్గరగా ఉన్నప్పుడు శిక్షకులు ఇటువంటి మలుపులను ఎందుకు ఒప్పుకోరో మీ జవాబే చెబుతుంది.